మొహమాటం లేని పరీక్ష

జూన్ పన్నెండు. డ్రైవింగ్ మాస్టారు ఆ తేదీ మర్చిపోలేరు. ఆ పొద్దున కోడలు ఉడికించిన గుడ్లు పెట్టింది.

"పరీక్ష రోజున గుడ్లేమిటమ్మా? మార్కులు ముందే వడ్డించేశావా?"

"మీకు పరీక్షొక లెక్కా మామయ్యా! ఊళ్లో సగం మందికి స్టీరింగ్ పట్టించింది మీరేగా. తినండి."

లైసెన్సు రెన్యువల్‌కు వచ్చింది. అది రాకపోతే డ్రైవింగ్ స్కూలు మూసుకోవడమే. ఇదివరకైతే ఇన్‌స్పెక్టరు టీ తాగుతూ సంతకం గీకేసేవాడు. ఇప్పుడు ట్రాకు నిండా కెమెరాలు, నేలలో సెన్సర్లు. గీత దాటితే కూత. ఈ యంత్రం కావాలని వీధి వీధీ తిరిగి సంతకాలు పోగేసింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మాస్టారే. "చూపు ఆననివాడికీ లైసెన్సు పంచుతున్నారు! యంత్రానికి బావమరుదులుండరు" అని మైకు పట్టుకుని మరీ చెప్పారు.

దర్జాగా కారెక్కి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. ఏళ్ల తరబడి ఆయన చోటు పక్క సీటు. నడిపేది శిష్యులు, అరిచేది ఆయన. ఆగాల్సిన గీత దగ్గరపడింది.

"బ్రేకు! బ్రేకు తొక్కు!" అని అరిచి, ఎవరో తొక్కుతారని కూర్చున్నారు.

కారు గీత దాటింది. యంత్రం కూసింది. తెర మీద ఎర్రటి అక్షరాలు: ఫెయిల్.

కౌంటర్లో ఉన్న ఆఫీసరు ఒకప్పటి శిష్యురాలే. తలెత్తలేకపోయింది. "నేనేం చేయలేను మాస్టారూ. రేపు మళ్లీ రావచ్చు."

"ఏం చేయొద్దమ్మా. అది చెప్పింది నిజమే. చెప్పేముందు కాస్త గొంతు సవరించుకుంటే దాని సొమ్మేం పోయిందో!"

వెనకే పెద్ద కాంట్రాక్టరు కొడుకు కూడా ఫెయిలై, యంత్రాన్ని తిట్టుకుంటూ వచ్చాడు. మాస్టారికి ప్రాణం కాస్త కుదుటపడింది.

సాయంత్రం ఇంటి ముందు రోడ్డు మీద మనవరాలు సుద్దతో గీత గీసి, కారు వెనక సీటెక్కింది. మాస్టారు స్టీరింగ్ పట్టుకుంటే, కోడలు పక్క సీట్లో కూర్చుంది.

"అద్దంలో చూడాల్సింది మీసాన్ని కాదు, వెనకొచ్చే లారీని!"

"ఎక్కడ నేర్చావమ్మా ఈ వెటకారం?"

"మీ దగ్గరే. నాకు నేర్పినప్పుడు మీసం బదులు బొట్టన్నారు, అంతే. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను తెలుసా?"

మాస్టారు వెనక రోడ్డు కనబడేలా అద్దం సరిచేసుకున్నారు. ఒకటికి నాలుగు చుట్లు తిరిగారు. ప్రతిసారీ గీత దగ్గరికి రాగానే నోరు తెరుచుకునేది.

"నోరు కాదు మామయ్యా, కాలు!"

చీకటి పడే వేళకు కారు గీతకు జానెడు ఇవతల బుద్ధిగా ఆగింది.

"శభాష్!" అంది కోడలు.

ఆ మాట యంత్రానికి రాదు. నిజానికి ఇన్నాళ్లూ ఆయనకూ రాలేదు.

వెనక సీట్లో పిల్ల నిద్రపోయింది. తల్లి భుజాన వేసుకుని లోపలికి నడిచింది. మాస్టారు రేపటి కోసం తాళంచెవి జేబులో వేసుకుని, పిల్ల ఉలిక్కిపడకుండా, కారు తలుపు మెల్లగా మూశారు.