పాత అచ్చులో పద్దెనిమిదో అధ్యాయం

నాలుగు కొట్టేసరికి ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే బల్ల మీద కాస్త జాగా చేసుకుని, సబ్బుపొడి డబ్బాకు ఫోన్ ఆనించి కూర్చుంది ఇస్త్రీ ఆవిడ. భయమా సంబరమా అంటే రెండూనూ. పెళ్లిచూపులప్పుడు కూడా ఇంత హడావిడి పడలేదు మహాతల్లి!

నాలుగు నెలలుగా వారానికో రోజు పద్దెనిమిది మంది ఫోన్లలోనే కలిసి ఒక పుస్తకం చదువుతున్నారు. తన జనాన్ని దొరల పెత్తనం నుంచి విడిపించబోయి ఇరవై ఏళ్లు జైల్లో మగ్గిన ఒక నల్లజాతి నాయకుడి కథ అది. ఆయన మనకు మిగిల్చి వెళ్లిందేమిటన్నది వీళ్ల చర్చ. వారానికొకరు ఒక్కో అధ్యాయం చెప్పాలి. మొదటి పది నిమిషాలు ఎవరూ సాయం రారు. మధ్యలో చేతులెత్తేస్తే ఈ చదువు నడిపించే లెక్చరర్ గారు అందుకుంటారు, వాళ్ల వంతు పోయినట్టే. అందరిలోకీ ఆఖరి వంతు ఈవిడది. ఇవాళ తప్పిందా, ఇక లేదు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషికి పదిమందికి పాఠం చెప్పే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుంది?

"కంగారు పడకే. నీకేం తక్కువ?" అంది పక్కనే మాసిన బట్టలు వేరుచేస్తున్న వదిన.

ఆవిడ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "పద్దెనిమిదో అధ్యాయం. జైలు బట్టలు ఉతికిన ఆడవాళ్లు..."

"ఒక్క నిమిషం అమ్మా," అన్నారు లెక్చరర్ గారు. "పద్దెనిమిదిలో ఉన్నది ఆయన విడుదల కదా?"

అందరూ పేజీలు తిప్పారు. అందరికీ విడుదలే. చదివేవాళ్లలో ఒకడైన బస్సు కండక్టర్ కిసుక్కున నవ్వాడు. ఆవిడ దగ్గరున్నది పాత పుస్తకాల కొట్టులో దొరికిన మొదటి అచ్చు. అందులో విడుదల పంతొమ్మిదో అధ్యాయం. పదిహేడు దాకా అన్నీ సరిపోవడంతో తేడా ఇన్నాళ్లూ బయటపడలేదు. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

"ఫరవాలేదమ్మా. ఈ వారానికి నేను చెప్పేస్తాలెండి," అన్నారు లెక్చరర్ గారు. మంచి మనిషే, కానీ ఆ మంచితనమే ఆవిడ ప్రాణం తీసింది.

వదిన తొడమీద గట్టిగా గిల్లింది. "నోట్లో బెల్లం పెట్టుకున్నావా? మాట్లాడవే!"

"సార్," అంది ఆవిడ. "ఇంకా పది నిమిషాలు కాలేదు. నా వంతు నాదే. వినండి."

విన్నారు. జైల్లోకి ఉత్తరాలు ఖైదీల చొక్కా అంచుల్లో వెళ్లేవని ఉంది పుస్తకంలో. ఉతికేవాళ్లో, ఆరేసేవాళ్లో, ఇస్త్రీవాళ్లో, ఎవరు కుట్టారో మాత్రం లేదు. ఆవిడ పుస్తకం పక్కన పెట్టేసింది.

"ఉతక్కముందు కుడితే కాగితం ముద్దయిపోతుంది సార్. ఆరేసినప్పుడు కుడితే కాపలావాడు చూస్తాడు. గుడ్డ మీద ఆఖరి చెయ్యి ఇస్త్రీవాళ్లదే. అంచు కుట్టేసి, అక్కడ మాత్రం ఇస్త్రీపెట్టె తగలకుండా పక్కనుంచి పోనివ్వాలి. లేదంటే సిరా గుడ్డకు అంటుకుంటుంది. ఇది ఇస్త్రీవాళ్ల పనే సార్! ఒట్టేసి చెప్తాను!"

అరిచినంత పని చేసింది. మడత బల్ల చుట్టూ ఆడవాళ్లు మూగారు.

లెక్చరర్ గారు తన పుస్తకంలో ముందుమాట వెతికి చదివారు. పేజీలు పెరిగాయని కొత్త అచ్చులో ఒక అధ్యాయం తగ్గించారట. "పదమూడేళ్లుగా ఈ పుస్తకం పాఠం చెప్తున్నాను. ఆ ఉత్తరాల్లో ఏముందో చెప్పాను గానీ, ఎవరు తెచ్చారని ఒక్కసారైనా అడగలేదు," అన్నారాయన మెల్లగా. "తర్వాత వాళ్లేమయ్యారమ్మా?"

"పట్టుబడ్డారు సార్. పదకొండు మంది. ఒక్కరు కూడా ఇంకొకరి పేరు చెప్పలేదు. ముగ్గురు లోపలే పోయారు." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "పేర్లన్నీ ఇందులో ఉన్నాయి."

పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఎవరూ గడియారం చూడలేదు.

"మరి ఆయన విడుదల సంగతి?" అడిగాడు కండక్టర్, ఈసారి నవ్వకుండా.

"వచ్చే వారం విడిపిద్దాం బాబూ. జైల్లో ఇరవై ఏళ్లున్న మనిషి, ఇంకో వారం ఉంటాడు. ముందు వీళ్లను బయటికి తెద్దాం."

పుస్తకం దగ్గరికి లాక్కుని, నోరు తిరగని మొదటి పేరును కూడబలుక్కుంటూ చదివింది. పదిహేడు మంది రాసుకున్నారు.