గొడుగు కొన్న తమ్ముడు

పొద్దున్నే పొయ్యి రాజేసి, గంగాళంలో బెరడు ముక్కలు వేసి, నీళ్లు ఎర్రబడేదాకా కలియబెట్టడం రంగులక్క పని. ఆ రంగులో ముంచిన బట్ట చిరుగుతుందే గానీ వెలిసిపోదు. అలాగని బెరడు ఎంత పడితే అంత తీయడానికి లేదు. చెట్టుకు ఒక పక్క అరచెయ్యంత ఒలిచి, గాయానికి తడిమట్టి మెత్తి, అది మానేదాకా ఆ చెట్టు జోలికి పోకూడదు. మొదలు చుట్టూ ఒలిస్తే చెట్టు చస్తుంది. చచ్చిన చెట్టునే నరకాలన్నది తోపు కట్టుబాటు.

ఆ తోపును కనిపెట్టుకుని ఉండేవాళ్ల వెంట చెట్టు నీడ నడుస్తుంది. మిట్టమధ్యాహ్నం రంగులక్క బజారుకెళ్తే, పాలవాడు ఆ నీడలో సైకిలాపి కబుర్లన్నీ చెప్పిగానీ కదలడు. తోపుకు కాపలా కాసే ఆమె తమ్ముడికీ అలాంటి నీడే ఉండేది. తల్లి పోయాక, తన ముద్ద తగ్గించుకుని ఆమె పెంచిన తమ్ముడు. ఈమధ్య వాడు గొడుగు కొన్నాడు.

"నీకెందుకురా గొడుగు?"

"వానొస్తుందేమో అక్కా."

ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు.

ఆ రోజుల్లోనే తోపులో అన్నిటికన్నా పెద్ద చెట్టు నిలువునా ఎండిపోయింది. చూస్తే మొదలు చుట్టూ బెరడు ఒలిచేసి ఉంది. "చచ్చిన చెట్టేగా" అంటూ కలపమిల్లు ఆసామి రంపాలతో దిగాడు.

తోపు సంఘం వరండాలో జనం చేరారు. ఊళ్లో బెరడు తీసేది రంగులక్క ఒక్కతే. ఇక ఆమెను తోపులో అడుగు పెట్టనివ్వకూడదన్నారు. అంటే ఆమె పొయ్యి ఆరినట్టే. అయినా ఆమె కంగారు పడలేదు. కాపలావాడు సొంత తమ్ముడాయె, ఉన్నదున్నట్టు చెప్తాడు.

వాడు లేచి నేలచూపులు చూస్తూ, "అక్కే ఒలిచింది. కళ్లారా చూశాను" అన్నాడు.

పరాయివాడు ఆ మాటంటే ఆమె తిరిగి నాలుగు అంటించేది. కానీ అన్నది తను పెంచిన తమ్ముడు.

సంఘం పెద్దమ్మ ఒక్కటే అంది. "ఇద్దరూ వాకిట్లోకి దిగండి. గొడుగు ఇక్కడ పెట్టు నాయనా."

దిగారు. రంగులక్క మీద ఆకుల నీడ పడింది. తమ్ముడి మీద ఎండ పడింది.

"చంపిన చెట్టు చచ్చిన చెట్టు కాదు" అంది పెద్దమ్మ. మిల్లు ఆసామి రంపాలు సర్దుకున్నాడు. తమ్ముడు కాపలా కర్ర అప్పగించాడు.

"మిల్లులో మేస్త్రీని చేస్తానన్నాడక్కా" అన్నాడు జనం వెళ్లాక, ఏడుపు గొంతుతో. "నిన్ను తోపులోకి రానివ్వరు, అంతే కదా అనుకున్నా."

"అంతే కదా అనుకున్నావా?"

ఆమె మొహం తిప్పేసుకుంది. కానీ వాడు చెమటలు కక్కుతుంటే చేతులు పాత అలవాటు మానలేదు. వాడి రెక్క పట్టుకుని తన నీడలోకి లాక్కుంది. నీడకు సరిగ్గా వాడంత చిల్లు పడింది. ఎండ వాడొక్కడి మీదే కాస్తోంది.

"ఇంకాస్త దగ్గరికి రానా అక్కా?"

"నీకన్నా దగ్గర ఎవరున్నార్రా నాకు?"

రెక్క వదిలేసి ఆమె ఇంటిదారి పట్టింది. నాలుగడుగులు వేసేసరికి నీడలో చిల్లు పూడిపోయింది.