ఆయుధపూజ నాడు ఆపిన పెట్టె

ఆయుధపూజ సాయంత్రం శనగ గుగ్గిళ్ళ గిన్నె పట్టుకుని ప్రెస్సు మెట్లెక్కుతుంటే మా మరిది దురైపాండి ఎదురొచ్చి, "వదినా, ఇవాళ నీ పెట్టెకి కూడా సెలవిచ్చేశాం" అన్నాడు.

నేను మెట్టు మీదే ఆగిపోయాను. పైగదిలోంచి ఎప్పుడూ వినబడే హోరు వినబడటం లేదు.

"ఎవరాపారు?"

"నేనే. అన్ని మిషన్లూ పడుకుంటే అదొక్కటే గుర్రుపెడుతూ ఉంటే సరస్వతీదేవికి కోపం రాదూ? తుడిచి, విభూతి రాసి, గంధం బొట్టు పెట్టించాను. వెళ్ళి చూడు, పెళ్ళికూతుర్లా కూచుంది."

"ఎలా ఆపావు?"

"ఎలా ఏమిటి? గోడ మీది స్విచ్చి. ఫ్యానుకి ఆపినట్టే."

ఆ స్విచ్చి పక్కన 'దీన్ని ఆపవద్దు' అని నేను కాగితం అంటించి ఉంచాను. పూజకని గోడలు కడుగుతూ దాన్ని పీకేశారట. మిగతా సంవత్సరాల్లో అది నడుస్తుండగానే నేనే వెళ్ళి దానికి బొట్టు పెట్టి వచ్చేదాన్ని. ఈసారి బొట్లు పెట్టే వేళకి వంటింట్లో ప్రెస్సు మొత్తానికీ గుగ్గిళ్ళు తాలింపు వేస్తున్నాను.

అది మా ప్రెస్సు సర్వరు. శివకాశిలో కాలెండర్లు అచ్చేసే ఇళ్ళలో మాదీ ఒకటి. దీపావళికి ముందు ఈ రోజుల్లో మాకు ఊపిరి సలపదు. ఏ దేవుడి బొమ్మ కింద ఏ కొట్టు పేరు పడాలో, ఏ తేదీ ఎర్రగా ఉండాలో అన్నీ ఆ సర్వర్లోనే ఉంటాయి. కింద ప్లేట్ రూములో చెల్లయ్య బొమ్మను అక్కణ్ణుంచి తెచ్చుకుంటేనే అచ్చు ప్లేటు తయారవుతుంది, ప్లేటు వస్తేనే మిషను తిరుగుతుంది, మిషను తిరిగితేనే బైండింగులో ఆడవాళ్ళకు పని. లోపలి డిస్కు పాతది. ఏళ్ళ తరబడి ఆగకుండా తిరిగిన డిస్కు ఒకసారి ఆగి చల్లబడితే మళ్ళీ లేవకపోవచ్చు. ఈ సంగతి నేను కోయంబత్తూరులో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేసినప్పుడు నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక ఆ ఉద్యోగం పోయింది, ఆ సంగతి మాత్రం గుర్తుంది.

మామయ్య రత్నవేల్ పూజ పీట దగ్గరున్నారు. "మామయ్యా, పైన సర్వరు ఇంకా వేడిగా ఉంది, ఇప్పుడే ఆన్ చేయనివ్వండి. రేపటికి లేవకపోవచ్చు" అన్నాను.

ఆయన నా వైపు చూడకుండా, "పూజలో కూచున్న పనిముట్టును మధ్యలో లేపుతారా ఎక్కడైనా? పొద్దున మళ్ళీ హారతిచ్చాకే" అన్నారు.

అత్తయ్య అంతకంటే గట్టిగానే, "శుభమా అని పూజ చేసుకుంటుంటే పోతుంది, లేవదు అంటుందేమిటే ఈ పిల్ల? ఇంజనీరింగు చదివిందని నోట్లో మంచిమాట రాదా?" అంది.

మా ఆయన కదిరేశన్ అక్కడే ఉన్నాడు. గుగ్గిళ్ళు నోట్లో వేసుకుని, "ఉప్పు తక్కువైంది" అన్నాడు.

ఆ సర్వరు పెట్టింది నేను. మా పెద్దవాడికి పాలు మాన్పిస్తున్న రోజుల్లో, వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, కంప్యూటరుకీ కంప్యూటరుకీ వైర్లు లాగించి, మూడు అంతస్తులనీ దానికి కలిపాను. ఆఖరికి పెట్టెకి పేరేం పెట్టాలని తెర అడిగితే వెనక నిలబడ్డ మా ఆయన "నా పేరు కొట్టు" అన్నాడు. అప్పట్నుంచి ప్రెస్సులో ప్రతి కంప్యూటరులోనూ తెరవగానే 'కదిరేశన్' అని వస్తుంది. వచ్చిన వ్యాపారులకు ఆయన ఆ తెర చూపించి, "సిస్టమ్స్ అంతా నేనే చూస్తానండీ" అంటాడు. నేను కాఫీ ఇచ్చి ఖాళీ కప్పులు తీసుకెళ్ళడానికి పక్కనే నిలబడి ఉంటాను. ఆయన అబద్ధమాడుతున్నానని అనుకోడు. ఇంట్లో పెళ్ళాం చేసింది తను చేసినట్టేనని ఆయన లెక్క. ఆ లెక్కలోనే శనివారం శనివారం నేను మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి, వాళ్ళు తింటున్నంతసేపూ పైకి వెళ్ళి సర్వర్లోదంతా ఒక చిన్న డిస్కులోకి కాపీ తీసుకుని, ఖాళీ క్యారియర్‌లో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళడం కూడా ఉంది. దాన్ని మినప్పప్పు డబ్బా వెనక దాచేదాన్ని. ఆఫీసు బీరువాలో ఎందుకు పెట్టలేదంటే, పెట్టనివ్వలేదు. "బీరువాలో ఇనప ముక్కలెందుకు" అన్నారు మామయ్య.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయంతో కాదు. పైకి అనకూడని మాట, అది లేవకూడదని ఒక మూల కోరుకున్నాను.

మర్నాడు విజయదశమి. మా దగ్గర ఆ ఉదయం ఒక పద్ధతి. హారతయ్యాక మామయ్య పీట ముందు నిలబడి, ఎవరి పనిముట్టు వాళ్ళకి పేరు పెట్టి పిలిచి చేతికిస్తారు. పైన తమలపాకులు, మరమరాల పొట్లం, కొత్త బట్ట. తీసుకున్నవాళ్ళు కళ్ళకద్దుకుని వెళ్ళి తమ మిషను దగ్గర నిలబడాలి. చెల్లయ్యకు ప్లేటు బ్రష్షు అందింది. కత్తెర బైండింగు పేచ్చియమ్మకు వెళ్ళింది. ప్రతివాళ్ళతోనూ మామయ్య ఒకే మాటంటారు: "రేపట్నుంచి టైముకి రావాలి మరి." అందరూ నవ్వుతారు. నేను గుమ్మం దగ్గర మరమరాలు పొట్లాలు కడుతూ ఇదంతా ఏటేటా చూస్తున్నాను. నన్ను పేరు పెట్టి పిలవరు. మామయ్యకు నేను 'అమ్మాయి'. అత్తయ్యకు 'కదిరేశన్ పెళ్ళాం'.

"సర్వరు... కదిరేశా" అన్నారు మామయ్య. మా ఆయన వచ్చి పైగది తాళంచెవి మాత్రం అందుకుని, తాంబూలం పళ్ళెంలోనే వదిలేసి పైకి వెళ్ళాడు. కాసేపటికి పైనుంచి "తామరై!" అని కేక వినబడింది. నా పేరు ఆయన నోట అంత గట్టిగా వినడం అదే మొదటిసారి.

వెళ్ళాను. తెర నల్లగా ఉంది. పెట్టెలోంచి టిక్కు, టిక్కు, టిక్కు, కాసేపు ఆగడం, మళ్ళీ టిక్కు. డిస్కు తిరగడానికి ప్రయత్నించి ఓడిపోతోంది.

"ఏం చేశావు దీన్ని?"

"నేను గుగ్గిళ్ళు చేశాను."

దురైపాండి వచ్చాడు. మదురై సర్వీసు మనిషికి ఫోన్ చేశారు. "పండగ సార్, సోమవారం చూద్దాం" అన్నాడతను. కింద మిషన్ల దగ్గర కొత్త బట్టలు భుజాన వేసుకుని అందరూ నిలబడే ఉన్నారు. పేచ్చియమ్మ మెట్ల దగ్గరకొచ్చి, "అక్కా, ఇవాళ పనుందా, ఇంటికి పొమ్మంటావా?" అని అడిగింది. అక్కడ మా ఆయనా మరిదీ ఉండగా అడిగింది నన్ను.

"ఉండు పేచ్చీ, ఉంది" అన్నాను. పరీక్ష కాగితం తిప్పగానే వచ్చిన ప్రశ్నలన్నీ తెలిసినవే అయినప్పటిలా ఉంది.

ఇంటికి పరుగెత్తాను. మినప్పప్పు డబ్బా వెనకది తీశాను. బీరువా తెరిచి, చీరల కింద పట్టుచీర కొట్టు సంచిలో ఉన్నది కూడా తీశాను. అది కొత్త హార్డ్ డిస్కు. నిరుడు మా అన్నయ్య, దీపావళికి ఏ రంగు చీర కావాలే అంటే నేను డిస్కు నంబరు పంపాను. "మీ అన్న చీర పెట్టలేదా?" అని అత్తయ్య నెల్లాళ్ళు అడిగింది. ఇప్పుడు నన్ను చూసి, "ఆ చీర ఎక్కడికే పట్టుకుపోతున్నావు?" అంది.

"కట్టుకోవడానికి, అత్తయ్యా."

ప్రెస్సుకి తిరిగొచ్చి, పైగదిలో పెట్టె మూత తీశాను. లోపల ఫ్యాను రెక్కల మీద కూడా విభూతి ఉంది, గంధం చుక్క ఎండిపోయి ఉంది. బ్రష్షుతో దులిపాను. పాత డిస్కుని స్క్రూలు విప్పి బయటికి లాగాను. చేతిలో బరువుగా, చల్లగా ఉంది. దాని మీద కోపం రాలేదు. ఆపకుండా తిరిగింది, ఎవరూ పట్టించుకోలేదు, ఒక్క పూట సెలవిచ్చారు, చచ్చిపోయింది. కొత్తది అదే గూటిలోకి తోశాను. 'టక్' మని కూర్చుంది. ఆ చప్పుడుకి నాకు నవ్వొచ్చింది. తీగ తగిలించి స్విచ్చి వేశాను. తెర మీద కొత్త డిస్కు పేరు కనిపించగానే "కనిపించింది!" అని పైకే అరిచాను. గదిలో ఎవరికీ ఏం కనిపించిందో తెలియలేదు.

"ఎంతసేపు?" అన్నాడు మా ఆయన. కాసేపటికి మళ్ళీ అదే. మూడోసారి అడిగితే, "స్టవ్ దగ్గర నిలబడి అన్నం ఎంతసేపని అడుగుతారే, అలాగే. అయినప్పుడు అవుతుంది" అన్నాను. దురైపాండి కిసుక్కుమని, అన్న చూపు చూసి ఆపుకున్నాడు.

సాఫ్ట్‌వేరు ఒక్కొక్కటీ ఎక్కుతోంది. మధ్యలో అత్తయ్య ఫోన్: "మధ్యాహ్నానికి ఏం వండుతున్నావు?" "మరమరాలున్నాయి, అత్తయ్యా" అని పెట్టేశాను. అలా ఫోన్ పెట్టేయడం కూడా కొత్తే. తెర మీద నీలం గీత జరుగుతున్నకొద్దీ నేను కుర్చీలో ముందుకి జరుగుతున్నాను. ఈ పనిలో ఉన్నప్పుడు నేను ఎవరి పెళ్ళాన్నో, ఎవరి కోడలినో నాకు గుర్తుండదు. ఎన్నాళ్ళకి ఇలా ఆకలి మరిచిపోయాను అనిపించింది.

పెట్టెకి పేరేం పెట్టాలని అడిగింది. వేలు ఆగింది. నా పేరు కొట్టచ్చు. కొడితే మూడంతస్తుల కంప్యూటర్లకీ కొత్త పేరు నేర్పాలి. అప్పటిదాకా కింద అందరూ నిలబడాలి. 'కదిరేశన్' అనే కొట్టాను. పెట్టె పేరు ఏదైతేనేం, అనుకున్నాను.

ముందు ఆ రోజు అచ్చు కావలసిన కాలెండర్లని కాపీ చేశాను. కింద నుంచి చెల్లయ్య గొంతు: "వచ్చింది! అక్కా, వచ్చింది! మురుగన్ వచ్చాడు, నెమలితో సహా వచ్చాడు!" తర్వాత మిషను కదిలింది. నేల అదిరింది. బైండింగులో ఆడవాళ్ళు ఈలలు వేశారు. నేను కుర్చీలోంచి లేచి గదిలో ఒక చుట్టు తిరిగాను. ఎవరూ చూడకపోతే గంతేసేదాన్నే.

కిందకి దిగాను. స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది. పీట దగ్గర మామయ్య ఇంకా నిలబడి ఉన్నారు. పొద్దున మా ఆయన వదిలేసి వెళ్ళిన తాంబూలం పళ్ళెంలో వాడిపోతోంది.

"శుభం. కదిరేశా, నీ తాంబూలం తీసుకో" అన్నారు మామయ్య.

మా ఆయన చెయ్యి చాచాడు. నేను పళ్ళేనికీ ఆయనకీ మధ్య నిలబడ్డాను.

"మామయ్యా, పనిముట్టు ఎవరిదో వాళ్ళనే కదా మీరు పిలుస్తారు?"

బైండింగు బల్ల దగ్గర్నుంచి పేచ్చియమ్మ, "పిలవండి అణ్ణాచ్చీ, ఏటా మమ్మల్ని పిలిచినట్టే" అంది. చెల్లయ్య నవ్వాడు.

మామయ్య గొంతు సవరించుకున్నారు. "సర్వరు... తామరై" అన్నారు.

నేను స్క్రూడ్రైవరు ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తాంబూలంతో కలిపి తిరిగి నా చేతికిచ్చారు. కళ్ళకద్దుకున్నాను. అలవాటు కొద్దీ ఆయన నోట మిగతా మాట వచ్చేసింది: "రేపట్నుంచి టైముకి రావాలి మరి."

ఎవరూ నవ్వలేదు.

"వస్తాను మామయ్యా" అన్నాను. మా ఆయన వైపు తిరిగి, "క్యారియర్ వంటింటి గట్టు మీద ఉంటుంది. వచ్చేటప్పుడు తెచ్చుకోండి" అన్నాను.