తెగిన తీగకు ముడి

ఏ పనీ చేయకూడని విశ్రాంతి దినం పూట, ఆలయంలో పాట మధ్య శెమయా కిన్నెర తీగ తెగిందనీ, అందరూ చూస్తుండగానే ముడి వేశాడనీ, ఇక పెద్దలు రాళ్లతో కొట్టించకుండా వదలరనీ తన మరిది అన్నాడంటూ పక్కింటి పెనిన్నా చెప్పిపోయింది. శెమయా భార్య హొగ్లా తలుపు కూడా వేయకుండా బయటపడింది. పడుతూ లేస్తూ పరుగెత్తింది. దారిలో చెప్పు పట్టీ తెగింది. ఆ రోజు ముడి వేయడం పాపమని చెప్పు ఈడ్చుకుంటూనే ఆలయం మెట్లెక్కింది.

శెమయా, ఆలయంలో పాటలు పాడే తోటి లేవీయులతో నవ్వుకుంటూ ఎదురొచ్చాడు. ఆమె విన్నదంతా ఏడుస్తూ చెప్పింది.

"పిచ్చిదానా, దేవుడి పాట ఆగకూడదు కదే. లోపల తీగకు ముడి వేయొచ్చు. బయట వేస్తేనే తప్పు."

హొగ్లా అక్కడే మెట్టు మీద కూలబడింది. కళ్లు తుడుచుకుని తెగిన చెప్పు చూపించింది.

"బతికించావు. అయితే నీ కిన్నెర కుంటకూడదు గానీ, నేను ఇంటిదాకా కుంటుకుంటూ పోవచ్చన్నమాట."