జనరల్ దొర వేషం

పింఛను ఇంటికొచ్చిన ప్రతిసారీ పుణ్యవతికి అదే అనుమానం. బస్రా యుద్ధంలో గుండ్ల మధ్యనుంచి దెబ్బతిన్న సిపాయిలను మోసుకొచ్చాడని తన పెనిమిటి, హవల్దారు కూర్మారావుకు సర్కారువారు పతకం తగిలించారు సరే. అది అతడు చూపిన ధైర్యానికి ఇచ్చారా, ఇకమీదట నోరెత్తడని ఇచ్చారా?

రెండోదే అయితే పాపం, సర్కారు మోసపోయినట్టే. బరంపురంలో పటాలానికి మనుషులను చేర్చే సభ ఎక్కడ జరిగినా కూర్మారావును వీరుడని వేదిక ఎక్కించేవారు. ఎక్కాక అతడు, నీళ్లులేక సిపాయిల నాలుకలు పిడచగట్టిన చోటికి దొరల సోడాబుడ్లు ఎంత క్షేమంగా చేరేవో, దేశపటం తలకిందులుగా పట్టుకున్న జనరల్ దొర తమను ఎంత ధైర్యంగా గుండ్లకు ఎదురు పంపాడో వర్ణించేవాడు. చేరడానికి వచ్చినవాళ్లు ఇంటిదారి పట్టేవారు.

చివరికి పోలీసు ఇన్‌స్పెక్టరు భీమేశ్వరరావు ఇంటికే వచ్చాడు.

"హవల్దారుగారూ, ఇంకొక్క సభలో నోరు విప్పితే పింఛను ఆపేస్తారట."

"తప్పు సేసిన జనరల్‌కి పింఛనిత్తన్నారు కదా బాబూ! అది సెప్పినోడికి ఆపేత్తారేటి?"

"ఏటయ్యా ఆ మాటలు!" అంటూ పుణ్యవతి ముందుకొచ్చింది. "పింఛనాగితే ఏటి తింటాం? ఆ పతకం బిళ్ల నానబెట్టుకు తింటామా?"

ఇన్‌స్పెక్టరు వెళ్లాక ఆమె మెత్తబడింది. "నువ్వు బస్రాలో ఉన్నప్పుడు ఠాకురాణమ్మకి మొక్కినాను, బతికొత్తే యాత్రలో నీసేత ఏసం కట్టిత్తానని. సిగ్గని ఇన్నాళ్లూ ఎయ్యనేదు. ఈపాలి నోరు మూసుకోని ఏసం కట్టు."

"ఏ ఏసమైనా పరవానేదా?"

"అమ్మకి ఏదైనా ఒకటే."

ఊరి అమ్మవారి జాతరే ఆ యాత్ర; అందులో మొక్కుకు వేషం కట్టినవాడు అమ్మ మనిషి. అతణ్ణి తిట్టకూడదు, పట్టుకోకూడదు. ఎదురైతే దండం పెట్టాలి.

యాత్రనాడు నలుగురు మోసే కుర్చీలో జనరల్ దొర వేంచేశాడు. ముఖానికి బియ్యప్పిండి, నెత్తిన దొరటోపీ, చేతిలో తలకిందులు పటం. "ముందుకి! ముందుకి!" అని జనాన్ని అదిలిస్తూ, మోసేవాళ్లను మాత్రం వెనక్కి నడవమంటున్నాడు. నవ్వుల్లో తప్పెట్ల మోత వినబడలేదు. పుణ్యవతికి పింఛను కళ్లముందే ఎగిరిపోయింది.

అరుగు మీద పటాలంలోకి మనుషులను చేర్చే కొత్త దొర కూర్చుని ఉన్నాడు. హవల్దారుకు బుద్ధి వచ్చి పటాలాన్ని గౌరవిస్తున్నాడనుకుని, లేచి సెల్యూట్ కొట్టాడు. కుర్చీలోని దొర అంతకన్నా గంభీరంగా తిరిగి కొట్టాడు.

"మా మీద పైకి ఏటి రాత్తారు బాబూ?" అంది పుణ్యవతి, ఇన్‌స్పెక్టరు దగ్గరకు వెళ్లి.

భీమేశ్వరరావు టోపీ తీసి వేషానికి దండం పెట్టాడు. "ఏం రాయమంటావమ్మా? ఇది సభ కాదు, అమ్మ యాత్ర. పైగా దొరగారే సెల్యూట్ కొట్టారు."

అమ్మ పందిరి ముందు కూర్మారావు కుర్చీ దిగాడు. పిండి చెమటతో కారుతున్న ముఖంతోనే సాష్టాంగపడ్డాడు. అమ్మకు కోపం వచ్చిందో, నవ్వే వచ్చిందో పుణ్యవతికి తెలియలేదు. కొబ్బరికాయ కొట్టింది. యుద్ధంనాటి మొక్కు తీరిపోయింది.