దాసప్ప ఇంటి గవాక్షి

పాత పటం మీద కొత్త ట్రేసింగు కాగితం పరిచి, నాలుగు మూలలా పిన్నులు గుచ్చి, మునిశంకర్ పెన్సిలు మొన చెక్కుతున్నాడు. మొన ఎప్పుడో తయారైంది. అయినా చెక్కుతూనే ఉన్నాడు.

రాబర్ట్‌సన్‌పేటలో మందుల షాపు పైనున్న ఆ ఒంటిగది ఆఫీసులో పొద్దుటి ఎండ తిన్నగా బల్ల మీద పడుతుంది. ట్రేసింగు కాగితం ఆ ఎండను తాగి పాలమీగడలా తెల్లబడింది. దాని కింద, ఎన్నో ఏళ్ళ కిందట తన చేత్తోనే గీసిన దాసప్ప ఇల్లు, మంచు పట్టిన ఊరిలా మసకగా కనబడుతోంది. వీధి వాకిలి, వంటిల్లు, రెండు గదులు, నడింట్లో ఒక చిన్న చదరం. చదరంలో మూల నుంచి మూలకు రెండు గీతలు. అలా గీస్తే అక్కడ పైకప్పు లేదని, ఆకాశం ఉందని అర్థం.

ఈరోజు ఆ రెండు గీతలూ తీసెయ్యాలి. ఆ చదరం మీద గది లేపాలి.

వారం నుంచీ రకరకాలుగా గీసి చూశాడు. మెట్లు ఇటు జరిపాడు, గోడ అటు జరిపాడు. కప్పులోని ఆ గవాక్షిని ఉంచితే గదిలో మంచం పట్టదు, మంచం పడితే గవాక్షి ఉండదు. స్థలం అంత చిన్నది. చివరికి పెన్సిలు చొక్కా జేబులో పెట్టుకుని, కాగితాలు చుట్టి చంకన పెట్టుకుని, మెట్లు దిగాడు.

మునిశంకర్ పుట్టింది బంగారు గని కూలీల కోసం కట్టిన వరస ఇళ్ళ లైన్లలో. ఒకటే గది, తడికె గోడలు, కిటికీ లేదు. నాయన బచ్చప్ప షిఫ్టు దిగి వచ్చి, స్నానం కూడా చెయ్యకుండా గడప మీద కూచునేవాడు. ఎండకు ముఖమెత్తి, కళ్ళు మూసుకుని, చాలాసేపు. ఆ కాసేపూ అమ్మ ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. ఇల్లు కట్టే చదువు చదువుతానని మునిశంకర్ అన్నప్పుడు లైన్లలో చాలామందికి అదేం చదువో తెలియలేదు. నాయన మాత్రం ఏమీ అడగకుండా తలూపాడు.

బెంగళూరులో చదివాడు. గని చుట్టూ ఒక ఊరు ఎలా ఉండాలో కలగన్నట్టు గీసిన అతని పటాలను మాస్టర్లు గోడకు తగిలించారు. తర్వాత ఒక పెద్ద కంపెనీలో చేరి ఏడేళ్ళు అద్దాల మేడలకు మెట్లూ, మరుగుదొడ్లూ గీశాడు. మేడ మొత్తం ఎలా ఉంటుందో అతన్నెవరూ అడగలేదు. గని మూతపడి, కేజీఎఫ్ సగం తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పనికి పోవడం మొదలుపెట్టిన రోజుల్లో, అతను ఎదురు రైలెక్కి ఊరికొచ్చేశాడు. ఎందుకొచ్చావని అడిగితే అమ్మకు బాగాలేదని చెప్పేవాడు. అదీ నిజమే.

ఊళ్ళో ఆర్కిటెక్టుతో ఎవరికీ పెద్దగా పని ఉండదు. "ఒక ప్లాన్ గీసియ్యి సార్, మున్సిపాలిటీలో ఇయ్యాల" అంటారు. ఆ కాగితం మీద ముద్ర పడ్డాక, ఇల్లు మేస్త్రీ తనకు తోచినట్టు కడతాడు. కిటికీ ఉండాల్సిన చోట బీరువా వస్తుంది. వేపచెట్టు కోసం వంచిన గోడ, చెట్టు కొట్టేసి తిన్నగా లేస్తుంది. మొదట్లో పోట్లాడేవాడు. తర్వాత్తర్వాత సాయంకాలాలు ఊరంతా నడుస్తూ, తను గీసిన ఇళ్ళను పాత పరిచయస్థుల్లా పలకరించుకుంటూ పోవడం అలవాటైంది. ఎవరో ఒకరు లోపలికి పిలిచి కాఫీ ఇస్తారు. ఒకసారి ఊరుగాములో ఒకామె, "మీరు పెట్టిన కిటికీ కిందనే మా పిల్లి పండుకుంటాది సార్, ఇల్లంతా ఉన్నా యాడికీ పోదు" అంది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా అతనికి నవ్వొచ్చేది. భార్య నేత్ర మాత్రం, "పిల్లికి తెలిసినంత నీ కస్టమర్లకు తెలియదులే" అనేది.

కానీ దాసప్ప ఇల్లు వేరు. అది గీసినట్టే కట్టిన ఇల్లు.

ఆండర్సన్‌పేట దారిలో నడుస్తుంటే కుడిపక్కన, బంగారం తీయగా మిగిలిన పొడి పోసిన సైనైడు దిబ్బలు బూడిదరంగులో తేలుతున్నట్టున్నాయి. వాన రాబోతోంది. గాలికి దిబ్బల మీంచి సన్నటి పొడి లేచి, ఇళ్ళ కప్పుల మీద పలచటి తెరలా దిగుతోంది. ఆ తెరలో అన్నీ దూరంగానూ, మెత్తగానూ ఉన్నాయి. దూరాన గని మీది ఇనుప గోపురం, దాని తలపై కదలని చక్రం.

దాసప్ప, మునిశంకర్ నాయన బచ్చప్పతో ఒకే షిఫ్టులో పనిచేసినవాడు. గని మూసినప్పుడు వచ్చిన డబ్బుతో ఈ ముక్క స్థలం కొన్నాడు. ప్లాను గీయడానికి మునిశంకర్ కూచున్నప్పుడు ఆయన అడిగింది ఒక్కటే.

"మా అవ్వోళ్ళ ఊర్లో మిద్దింటికి గవాచ్చి ఉండె. నడింట్లో పండుకొంటే చుక్కలు కనపడేవి. వానొస్తే కుండ బోర్లించేది మా అవ్వ. అట్లాంటిది పెడతావాప్పా?"

వెంకటరామప్ప మేస్త్రీ విని పకపకా నవ్వాడు. ఇల్లు కట్టి నడుమ బొక్క పెట్టేవాడిని ఇప్పుడే చూస్తున్నానన్నాడు. స్లాబు పోసే రోజు మునిశంకర్ ఆ చదరం పక్కనే నిలబడ్డాడు, ఎండలో, సాయంత్రం దాకా. ఎవరూ దాన్ని మూసేయకుండా. తర్వాత దాని మీద పక్కకు జరిగే గాజుపలక పెట్టించాడు.

గృహప్రవేశం రోజు దాసప్ప కుర్చీ తెచ్చుకుని దాని కింద కూచున్నాడు. తలెత్తి చూశాడు. తల దించకుండానే అన్నాడు. "గనిలోంచి కేజ్‌లో పైకొస్తా ఉంటే శాఫ్టు నోరు మొదట చుక్క మాదిరి కనపడతాది మునిశంకరా. అది కనపడినంక గానీ ఊపిరి సరిగా ఆడేది కాదు. ఇంగ ఇంట్లోనే ఉండాది నాకది."

ఆ రోజు మునిశంకర్ ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి నడిచి వెళ్ళాడు. మాట్లాడితే ఆ మాట తరిగిపోతుందేమో అనిపించింది.

ఇప్పుడు నాగరత్న వాకిట్లోనే ఎదురొచ్చింది. దాసప్ప కూతురు ఆమె. మొగుడు తెల్లారి బెంగళూరు రైలుకు పోయి, చీకటి పడ్డాక వస్తాడు.

"రా అన్నా. కాఫీ పెడతా."

"మామ ఎట్లుండాడు?"

"అట్లే. రాత్రంతా కూచొనే ఉన్నాడు. పండుకుంటే ఊపిరాడదు." కొంగుతో చెయ్యి తుడుచుకుని గొంతు తగ్గించింది. "దాన్ని మూసేది నాకు మాత్రం ఇష్టమా అన్నా? మా పిల్ల మంజుశ్రీకి నర్సింగు సీటొచ్చె. వంటింట్లో గిన్నెల నడుమ కూచొని చదువుతాది. నాయన దగ్గుతా ఉంటే ఇంగ యాడ కూచుంటాది, నువ్వే చెప్పు."

ఆమె కోరుతున్నదీ ఒక గదే. దాన్లో కాస్త వెలుతురే.

లోపల నడింట్లో, గవాక్షి కింద, దాసప్ప పేము కుర్చీలో కూచుని ఉన్నాడు. ఒళ్ళు ఎముకల గూడైంది. గనిలో పీల్చిన రాతిపొడి ఆయన రొమ్ములోనే ఉండిపోయింది. ప్రతి ఊపిరికీ ఎండుటాకులు కదిలినట్టు సన్నటి చప్పుడు. కానీ ఆ పైనుంచి దిగే వెలుగులో ఆయన తెల్లటి తలా, ముడతల చేతులూ, మోకాళ్ళ మీది పంచె మడతలూ ఒక్కొక్కటీ విడివిడిగా, శుభ్రంగా ఉన్నాయి. చుట్టూ ఇల్లంతా లేత నీడ. మునిశంకర్ చెప్పులు విడిచి ఆయన పక్కన నేల మీద కూచున్నాడు.

"గీసినావా?" అన్నాడు దాసప్ప.

"గీస్తా ఉండా మామా. కుదరలే."

"కుదరకుండా ఏమి. మూసెయ్యప్పా."

మునిశంకర్ చుట్టిన కాగితాలను విప్పి, మళ్ళీ చుట్టాడు.

"నీకు కష్టంగా ఉండాదా?" అన్నాడు దాసప్ప. ఊపిరి కోసం కాసేపు ఆగాడు. "నేను చూడాల్సింది చూసినాను. బిడ్డ చదువుకోనీ. ఇల్లంటే అంతే కదప్పా. లోపలుండేటోళ్ళు పెరిగితే అదీ పెరగాల."

"నీ ఇల్లు మామా ఇది. నేను గీసిన వాటిల్లో..." అని ఆగిపోయాడు మునిశంకర్.

"తెలుసులే" అన్నాడు దాసప్ప. చెయ్యి చాపి అతని భుజం మీద వేశాడు. ఆ చేతికి బరువే లేదు. "పో. పైకి పోయి కొలత తీసుకో. నేనీడ పట్టుకొంటా."

మునిశంకర్ మిద్దె ఎక్కాడు. గాలి బాగా వీస్తోంది. పిట్టగోడ పక్కన నాగరత్న ఆరేసిన మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. అతను గాజుపలకను పక్కకు తోసి, అంచున మోకాళ్ళ మీద కూచుని, కొలత టేపు కొసను కిందికి జారవిడిచాడు. పసుపుపచ్చటి పట్టీ వెలుగులో మెలికలు తిరుగుతూ దిగింది. కింద దాసప్ప రెండు చేతులతో దాన్ని అందుకున్నాడు. పైనుంచి ఆయన ముఖం బావిలో చంద్రుడిలా చిన్నగా, తెల్లగా కనిపించింది.

"పట్టుకొన్నావా మామా?"

"పట్టుకొన్నాలే. పైన ఏం కనపడతా ఉంది?"

"దిబ్బలు. మబ్బు పట్టింది. గోపురం మీద చక్రం."

"గాలుందా?"

"శానా ఉంది మామా."

"మంచిది" అన్నాడు దాసప్ప.

టేపు డబ్బా మీద ఇటుక పెట్టి మునిశంకర్ లేచాడు. పిట్టగోడ దాకా నడిచాడు. లేవబోయే గదిని ఆ గాలిలో నిలబెట్టి చూసుకున్నాడు. ఇక్కడ తలుపు, ఇక్కడ ఆ పిల్ల బల్ల, ఇక్కడ మంచం. తూర్పున మబ్బు చీలి, ఎండ ఏటవాలుగా మిద్దె మీద పడింది. మిరపకాయల మీంచి పాకి, గవాక్షి గట్టెక్కి, లోపలికి ఒలికింది. అతను ఆ ఎండనే చూస్తూ నిలబడిపోయాడు. వెలుగు నేరుగా పైనుంచే రావాలని ఎవరన్నారు? గది గోడను కాస్త లోపలికి జరిపి, తూర్పున ఎత్తుగా ఒక సందు వదిలితే, ఎండ ఆ గోడకు తగిలి, గోడ వెంబడే కిందికి జారుతుంది. మంచం గోడ వెంట కాదు, అడ్డంగా పడుతుంది. పిల్లకు గదీ ఉంటుంది. కిందికి చదరం కాకపోయినా ఒక చీలిక మిగులుతుంది.

జేబులోంచి పెన్సిలు తీసి పిట్టగోడ సిమెంటు మీదనే గీయడం మొదలుపెట్టాడు. చెయ్యి దానంతట అదే నడిచింది. గాలి, మిరపకాయల ఘాటు, ఎక్కడో రైలు కూత, అన్నీ కలలోవిలా దూరమయ్యాయి. అతనికి యాభై ఎనిమిదేళ్ళు. ఇలాంటి ఘడియలు బతుకు మొత్తమ్మీద చాలా కొద్దిగానే దక్కాయి. వాటికోసమే మిగతా రోజులన్నీ, ఆ మెట్లూ మరుగుదొడ్లూ, ముద్ర కోసం గీసిన ప్లాన్లూ, ఎవరూ కట్టని కిటికీలూ ఓర్చుకున్నాడు.

గీత పూర్తయ్యాక నవ్వుకుంటూ గవాక్షి దగ్గరికి వచ్చి వంగాడు.

"మామా, దొరికింది! పూర్తిగా మూసే పనిలేదు. చీలిక మాదిరి ఉంటాది. నువ్వు కుర్చీ కొంచెం ఇటు జరుపుకొంటే సరి."

దాసప్ప తలెత్తి అతన్నే చూస్తున్నాడు. టేపు బిగువుగానే ఉంది.

"మామా?"

మబ్బొకటి ఎండకు అడ్డొచ్చింది. కింద ఆ ముఖం మీద నీడ పడింది. నీడ పోయి మళ్ళీ ఎండ సూటిగా కళ్ళల్లో పడింది. కళ్ళు ఆర్పలేదు. మునిశంకర్ ఆ ఎండుటాకుల చప్పుడు కోసం చెవి ఒగ్గాడు. గాలి తప్ప మరేమీ వినిపించలేదు.

మునిశంకర్ గవాక్షి అంచున అలాగే కూచుండిపోయాడు. దాసప్ప నోరు కొంచెం తెరుచుకుని ఉంది, చివరికి ఊపిరి బాగా అందినట్టు. తర్వాత మునిశంకర్ మెల్లగా మెట్లు దిగి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నాగరత్న కాఫీ వడగడుతోంది.

"అమ్మా నాగరత్నా" అన్నాడు. ఆమె అతని ముఖం చూసి గిన్నె కింద పెట్టేసింది.

మరుసటి వేసవికి మేడ లేచింది. మునిశంకర్ పిట్టగోడ మీద గీసినట్టే కట్టారు. ఈసారి మేస్త్రీ నవ్వలేదు. మంజుశ్రీ బల్ల పక్కన గోడ వెంట ఎండ కిందికి జారుతుంది. కింద నడింట్లో పొద్దున పూట అరచేయంత వెడల్పున ఒక వెలుగు గీత పడుతుంది. నాగరత్న దాన్ని తొక్కకుండా పక్కగా నడుస్తుంది.

కానీ అదంతా తర్వాతి మాట. ఆ మధ్యాహ్నం ముందుగా ఇరుగుపొరుగు వచ్చారు. లైన్లనాటి ముసలివాళ్ళు ఒక్కొక్కరే చేతికర్రలతో వచ్చి గోడకానుకుని కూచున్నారు. దాసప్ప వేళ్ళను మునిశంకరే ఒక్కొక్కటిగా విడదీశాడు. ఆయన్ను చాప మీదికి దించారు. నాగరత్న మొగుడికి ఎవరో ఫోను చేశారు. పైకి పోయి గాజుపలక మూయాలని గానీ, ఇటుక తీయాలని గానీ ఎవరికీ తోచలేదు. ఖాళీ పేము కుర్చీకి జానెడు ఎత్తున, పసుపుపచ్చటి టేపు కొస ఒకటి ఆకాశంలోంచి వేలాడుతూ గాలికి అటూ ఇటూ నెమ్మదిగా తిరుగుతూ ఉంది.