పట్టుగూళ్ల జీపు నిలిచిన కారణము

వర్షర్తువు తన నల్లమబ్బుల మూటలు గట్టుకొని తరలిపోగా నిర్మలాకాశసుందరమగు శరత్కాలము ప్రవేశించి మడకశిర ప్రాంతమునందలి రాతిగుట్టలను తోమిన గిన్నెలవలె మెరయజేయుచుండెను. పండిన వేరుసెనగచేల వాసన ప్రభాతశీతలపవనముతో గలిసి బాటపొడుగునను వ్యాపించుచుండెను. విజయదశమి గడచి రెండు దినములైనను గుమ్మములయందు బంతితోరణములు వాడియు వాడక వ్రేలాడుచునే యుండెను. అట్టి రమణీయసమయమున హిందూపురము బోవు బాటపై నొక పాత పెట్రోలు జీపు పది నిమిషములు పరుగిడుటయు బదునైదు నిమిషములు నిలిచి యుసూరుమనుటయు నను నొక వింతవ్రతము బూని ముందునకు సాగుచుండెను.

ఆ జీపును నడపుచుండినవాడు నంజుండప్ప యను పట్టురైతు. మితభాషణమే యతని స్వభావము. ప్రక్కన గూర్చున్నది యతని భార్య గంగరత్నమ్మ. వెనుకభాగమున వెదురుబుట్టలనిండ దంపతులు నెలదినములు రేయింబవళ్లు మల్బరీయాకు గోసి మేపి పెంచిన పురుగులల్లిన శ్వేతకాంతిమయములగు పట్టుగూళ్లుండెను. గూటిలోని పురుగు తన కాలము సమీపించినంతనే సీతాకోకచిలుకయై గూటిని దొలుచుకొని వెలువడును. తొలిచిన గూటినుండి దారము రాదు గావున దానిని గొనువాడుండడు. ఆ గండమునకు నొక్క దినమే మిగిలియుండెను. పండుగనాడు గూళ్ల మార్కెట్టు మూసియుండెను. మరునాడు జీపు ఊరి పొలిమేర దాటకయే మొరాయించెను. ఊరిలోని తక్కిన బండ్లన్నియు దిరునాళ్లకు బోయియుండెను. కొంత తాళుడని మనుష్యులకు జెప్పవచ్చును గాని పురుగులకు జెప్పగలవాడెవ్వడు?

ఊరిలోని మెకానిక్కు గొట్టములు విప్పి యూది ఫిల్టరు మార్చి ప్లగ్గులు తుడిచి తుదకు జీపునకు వయసైనదని తీర్పు చెప్పి చేతులు దులుపుకొనెను. గంగరత్నమ్మకు మాత్రము కారణము తెలిసియే యుండెను. గత సంవత్సరము పంట చేతికి వచ్చినచో మారెమ్మకు చీర పెట్టెదనని మ్రొక్కుకొని యామె దానిని మరచిపోయెను. అమ్మవారు బండి నాపుచున్నదని యామె నమ్మకము. పండుగనాడు చక్రములకును బానెట్టునకును బసుపు బూసి బొట్లుంచినను గుండ్రముగా దేవిముఖమువలె నొప్పుచుండిన పెట్రోలు ట్యాంకు మూతపైననే యామె భక్తియంతయు గుమ్మరించెను. అది చాలక జీపు నిలిచినప్పుడెల్ల దిగి యెండిన పసుపుపై మరల దడిపసుపు మెత్తి లెంపలు వాయించుకొని యెక్కుచుండెను. ఈ విధముగా నామె యపరాధక్షమాపణము దట్టమగుకొలది జీపు పరుగు కురుచయగుచుండెను.

తుదకు జీపు హుస్సేన్ పీరా రేకులకొట్టమునకు నెదుట నిలిచెను. నలువది సంవత్సరములుగా బండ్ల రోగములు చూచుచుండిన యా వృద్ధుడు పానా చేతబట్టక ముందుగా స్టూలుపై గూర్చుండి ప్రశ్నించెను.

“ఆగినంక మళ్లా ఎంతసేపటికి పట్టుకుంటాదప్పా?”

“టీ తాగి గ్లాసు కింద పెట్టేంత సేపు పడతాది” అని నంజుండప్ప బదులిడెను.

“టక్కున ఆగుతాదా, దగ్గి దగ్గి ఆగుతాదా?”

“దగ్గతాది.”

పీరా తల యూచి జీపును నడిపింపజేసి కన్నులు మూసికొని వినుచుండెను. అది కొంతసేపు చక్కగా మ్రోగి యాపైని దగ్గి దగ్గి నిలిచెను. అతడు తిన్నగా బోయి పెట్రోలు ట్యాంకు మూత ద్రిప్పెను. వెంటనే బుస్సుమని గాలి లోనికి జొరబడిన ధ్వని ముగ్గురికిని వినబడెను. మూతను బెట్టకయే యింజిను నాడించిరి. పది నిమిషములు గడచెను. ఇరువది గడచెను. అది దగ్గలేదు. మూత బిగించిరి. కొంతసేపటికి నిలిచెను.

“ఈ మూతకు సన్న బెజ్జం ఉంటాదమ్మా. పెట్రోలు తగ్గేకొద్దీ దాంట్లోనుంచి గాలి లోపలికి రావల్ల. గాలి రాకుంటే పెట్రోలు కదలదు. బండికి ఊపిరాడలేదు, అంతే.”

ఇట్లు పలుకుచు మూతను వెలుతురున బట్టి చూచిన పీరాకు బెజ్జమును గప్పి పొరలు పొరలుగా గట్టిపడిన పసుపు గనబడెను. గోటితో గీకుట క్షణములో బని. అతడు గీకక దానిని గంగరత్నమ్మ చేతికిచ్చెను.

“ఇది మీ పూజమ్మా. నేను గీకకూడదు. మీ చేత్తోనే తుడవండి.”

ఆమె ముఖము వివర్ణమయ్యెను. చెంగుతో దుడిచి యతడిచ్చిన సూదితో బెజ్జమును దెరచి సన్నని స్వరముతో నడిగెను.

“అయితే మారెమ్మకు కోపం రాలేదా అన్నా?”

“ఆయమ్మకు కోపమొచ్చింటే పది నిమిషాలన్నా నడవనిస్తాదా తల్లీ?”

ఆ మాటతో గంగరత్నమ్మ గుండెపైనుండి రెండు దినముల బండ దిగిపోయెను. ఆమె కన్నీరు దాచుకొనవలెనని కూడ దలపలేదు.

పిదప జీపు ఎక్కడను నిలువలేదు. హిందూపురపు మార్కెట్టులో గూళ్లను దొట్లయందు బోసినప్పుడు కొనుగోలుదారుడొకడు గూటినెత్తి చెవికడ నాడించి లోని పురుగు గలగలలాడుట విని తృప్తితో దల పంకించెను. అన్ని బుట్టలలోను దొలిచిన గూడొక్కటియు లేదు. మధ్యాహ్నమునకు బుట్టలు ఖాళీ యయ్యెను. దంపతులిరువురును రెండు దినములకు దరువాత కడుపునిండ భుజించిరి.

మరలివచ్చుచుండగా గంగరత్నమ్మ భర్తవంక దిరిగి యడిగెను.

“నా పసుపే కదా ఇంత చేసింది. మొక్కు మర్చింది గూడా నేనే. నన్నొక్క మాటా అనలేదేమయ్యా?”

 నంజుండప్ప నేరము నొప్పుకొనువానివలె మెల్లగా బలికెను.

“తప్పు నాదనుకుంటి. పండగనాడు నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టల్ల కదా. సంచిలో మూడే ఉండె. ఎడంపక్క ఎనక చక్రానికి పెట్టలేదు. నీకు చెప్పేకి భయమాయె.”

మనుష్యుడు కారణము నెరుగనిచోట దన దోషమొకటి వెదకి దెచ్చి యచ్చట నిలుపుకొనుట సహజము. ఒకే జీపులో భుజము భుజము రాచుకొని కూర్చుండియు నీ యిరువురును రెండు దినములు చెరియొక పాపమును మోసి యొకరికొకరు చెప్పుకొనరైరి. గంగరత్నమ్మ భర్తముఖమును దేరిపార జూచి ముందు పెదవి బిగబట్టి యాపైని బట్టలేక నవ్వెను. అతడును నవ్వెను. ఆ నవ్వు ఊరి పొలిమేరవరకు నాగలేదు. జీపును నాగలేదు.